చాప్లిన్ స్టూడియో చెప్పేది

లాస్ ఏంజెలిస్‌లో చార్లీ చాప్లిన్ 1917లో కట్టించుకున్న స్టూడియో గాయకుడు జాన్ మేయర్, దర్శకుడు మెక్‌జీల చేతికి వెళ్లడం ఊరటనిచ్చే పరిణామం. 1969లో నగరం దానికిచ్చిన చారిత్రక కట్టడం హోదా కూల్చివేతను కొంతకాలం ఆపగలదే తప్ప శాశ్వతంగా నిషేధించదు. ఆ గోడలను అసలు కాపాడింది వాటి మధ్య సాగుతూ వచ్చిన పని: మూకీల తర్వాత టెలివిజన్, ఆపైన ఏ అండ్ ఎమ్ రికార్డ్స్, 2000 నుంచి జిమ్ హెన్సన్ బొమ్మలాటల సంస్థ. కొత్త యజమానులూ కళాకారులే కావడం అందుకే ముఖ్యం. మన అనుభవం ఇందుకు విరుద్ధం. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ రూపుదిద్దుకున్న మద్రాసు విజయా-వాహినీ ఆవరణలో ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. యజమానులను నిందించి లాభం లేదు. నగరం నడిబొడ్డున భూమి ధర ముందు జ్ఞాపకాలకు విలువెంత? హైదరాబాద్ అమీర్‌పేటలోని సారథీ స్టూడియోకు ఆ ఒత్తిడి రేపు తప్పదు. ఉత్త హోదాతో సరిపెట్టక, చిత్రీకరణలు సాగినంతకాలం ఆస్తిపన్నులో రాయితీ, వదులుకున్న నిర్మాణ హక్కులకు బదులుగా బదలాయించుకోగల అభివృద్ధి హక్కులు (టీడీఆర్) ఇచ్చే విధానాన్ని తెలంగాణ ప్రభుత్వం, అమ్మకం మాట వినబడకముందే, ప్రకటించాలి.