విరేచనాలైతే పేగును పస్తు పెట్టకండి

ట్యాంకర్ నీళ్ల వేసవి అయినా, సంపుల్లోకి మురుగు చేరే వానాకాలమైనా ఉప్పల్, నాచారం వైపు ఇళ్లల్లో పిల్లలకు విరేచనాలు పట్టుకోవడం మామూలే. అప్పుడు మనం చేసే పనులు రెండు. ‘కడుపు ఖాళీగా ఉంటే అదే కడుతుంది’ అని అన్నం మానిపిస్తాం. మందుల షాపుకెళ్లి తియ్యటి పానీయం ప్యాకెట్ తెస్తాం. రెండూ తప్పే. ఎందుకో పేగే చెబుతుంది.

చిన్నపేగు గోడలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి వెళ్లే ద్వారం ఉంది. అవి వెళ్తే వాటి వెంట నీరూ వెళ్తుంది. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఇలాగే. అందుకే డబ్ల్యూహెచ్‌వో ఫార్ములాలో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఉప్పు 2.6 గ్రాములే. చక్కెర అంతకంటే బాగా ఎక్కువైతే కథ తిరగబడుతుంది. అది ఒంట్లోని నీటినే పేగులోకి లాగి, విరేచనాలను పెంచుతుంది.

ఇక పెద్దపేగు. దాన్ని మనం మురుగు గొట్టంలా చూస్తాం. నిజానికి రోజూ లీటరున్నర దాకా నీరు దానికి చేరితే, 100-150 మిల్లీలీటర్లు తప్ప మిగతాదంతా ఒంటికి తిరిగి ఇచ్చేస్తుంది. దాని గోడ కణాల్లో పోషకాలను పసిగట్టే రిసెప్టర్లున్నాయి. వాటిలో ఒకటి కాల్షియాన్ని, ప్రొటీన్ నుంచి వచ్చే కొన్ని అమైనో ఆమ్లాలను గుర్తిస్తుంది. అది మేల్కొంటే పేగు నీరు వదలడం తగ్గి, పీల్చుకోవడం పెరుగుతుందని జంతువులపై ప్రయోగాల్లో తేలింది. అరగకుండా మిగిలిన పిండిపదార్థాన్ని అక్కడి బ్యాక్టీరియా పులియబెడితే పుట్టే ఆమ్లాలు సోడియాన్నీ, నీటినీ లోపలికి తీసుకెళ్తాయి. మనవాళ్లు వైద్యానికి వెళ్లే వెల్లూరు సీఎంసీలో కలరా రోగులకు ఓఆర్‌ఎస్‌లో త్వరగా అరగని మొక్కజొన్న పిండి కలిపి ఇస్తే విరేచనాలు త్వరగా తగ్గాయని 2000లో ప్రచురితమైన అధ్యయనం చూపింది.

అంటే, తిండి అందితేనే పెద్దపేగు తన పని తాను చేయగలదు. పస్తు పెడితే ఆ సాయం పోగొట్టుకున్నట్టే. అలాగని ఇంట్లో ఓఆర్‌ఎస్‌లో పిండి కలపకండి. గిన్నెలో అన్నం పెట్టండి, చాలు.

పోషకాలపై పరిశోధించే జాతీయ పోషకాహార సంస్థ మనకు దగ్గర్లో తార్నాకలోనే ఉంది. అయినా ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలు ఏళ్ల తరబడి మన షాపుల్లో అమ్ముడుపోయాయి. వాటిపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరు 14న, డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా ప్రకారం లేని పానీయాల పేర్లలో, లేబుళ్లపై ‘ఓఆర్‌ఎస్’ మాట వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అంతమాత్రాన మన పని అయిపోలేదు. పేరు మారినంత మాత్రాన డబ్బాలోని చక్కెర తగ్గదు కదా!

కాబట్టి షాపులో ‘డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా ఓఆర్‌ఎస్ పొడి’ అనే అడగండి. ప్యాకెట్ మీద రాసినంత నీటిలోనే, కాచి చల్లార్చి కలపండి. చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు అప్పుడే వండిన మెత్తటి అన్నం, పప్పు, పెరుగు, అరటిపండు పెట్టండి. డాక్టర్ రాసిన జింక్ మందు, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయండి.

కళ్లు గుంటలు పడినా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగింది తాగినట్టే కక్కుతున్నా ఇంటి వైద్యంతో కాలయాపన చేయకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. విరేచనాలు ప్రాణం తీసేది ఒంట్లోని నీరు, లవణాలు పోవడం వల్లే. వాటిని తిరిగి నింపే పొడి ప్యాకెట్ ప్రతి ఇంట్లో ముందే ఉండాలి.