వృద్ధ కూలీల వసతికి నిధులు: చట్టంలో ఉన్నదేమిటి, మనం అడగవలసిందేమిటి

నడుం వంగి నాటు వేయలేని మనిషిని ముఠాలోకి ఎవరూ పిలవరు. కూలి పోతుంది, పింఛను మొదలవుతుంది. అదీ అందరికీ కాదు. ఉండే చోటు మాత్రం ఏ పద్దులోకీ రాదు. ఎప్పుడో కాలనీలో కట్టిన ఒంటిగది ఇంట్లో కొడుకూ కోడలూ పిల్లలూ సర్దుకుంటే, ముసలమ్మ పంచలో, ముసలాయన రచ్చబండ మీద. ఇది చూడని పల్లె లేదు.

2007లో కేంద్రం తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. మంచి చట్టమే అంటారు. ఎవరికి మంచిది? చూసుకుంటారనే షరతు మీద ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, 23వ సెక్షను కింద ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. సెంటు భూమి లేనివాడు ఏం రద్దు చేయించుకుంటాడు? ట్రిబ్యునలుకు పోతే నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పిస్తారట. కొడుకూ కూలే! వాణ్ణి ట్రిబ్యునలుకు ఈడ్చి ఆ తల్లి రాబట్టేదేమిటి?

ఆస్తి లేనివాళ్లకు ఇందులో మిగిలేది 19వ సెక్షను. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒకటితో మొదలుపెట్టి, 150 మందికి తగ్గకుండా నిరుపేద వృద్ధులు ఉండే ఆశ్రమాలు ఏర్పాటు చేసి నడపవచ్చు అన్నారు. “నడపవచ్చు”. మతలబంతా ఈ మాటలోనే ఉంది. “నడపాలి” అని రాయలేదు. భరణం ఇవ్వమన్నా ఇవ్వని కొడుక్కి నెల దాకా జైలు రాసిన చట్టం, ఆశ్రమం కట్టని సర్కారుకు ఏమీ రాయలేదు.

ఇక డబ్బు సంగతి. బొత్తిగా లేదనడం అబద్ధం. ముక్కలు ముక్కలుగా ఉంది, ఒక పద్దుకు మరో పద్దుతో పొత్తు లేదు. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ల దాకా నెలకు 200 రూపాయలు, 80 నిండితే 500. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 4,000 చేశారంటే మిగతా భారం రాష్ట్రానిదే. అది తిండికీ మందులకే చాలీ చాలదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ 2016లో మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1,20,000 రూపాయలు అంది. అది కుటుంబాన్ని లెక్కగడుతుంది. కొడుకు కుటుంబంలో కలిపి రాసేసిన తల్లికి వేరే ఇల్లు రాదు. ఇక 1992 నుంచీ కేంద్రం వృద్ధాశ్రమాలకు గ్రాంటు ఇస్తోంది. 25 మంది ఉండే ఆశ్రమానికి తిండి, సిబ్బంది జీతాలు, వైద్యం వంటి నడిపే ఖర్చులకు. గోడలు లేపడానికి కాదు. ఆడిటు లెక్కలు, ఆన్‌లైన్ కాయితాలు పట్నం సంస్థలకు చేతనవును గనక అర్జీలు వాళ్లే పెడతారు. అయితే పంచాయతీరాజ్ సంస్థలకు కూడా ఈ గ్రాంటుకు అర్హత ఉంది. మన సర్పంచులకు ఈ ముక్క ఎవరూ చెప్పరు!

జిల్లా కేంద్రంలో 150 మంచాల హాలు కట్టి ముసలివాళ్లను బస్సెక్కించడం మాకు సమ్మతం కాదు. వాళ్లు కోరేది ఊరి దగ్గర, తెలిసినవాళ్ల మధ్య ఒక గది. కూలీ సంఘమే ఇలాంటిది కట్టిన చోటు ఒకటుంది. అమెరికాలో కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో జీవితమంతా పనిచేసిన ఫిలిప్పీన్స్ కూలీలు, అక్కడి చట్టాల వల్ల చాలామంది పెళ్లిళ్లే లేకుండా ముసలివాళ్లయ్యారు. 1965లో డెలానోలో ద్రాక్షతోటల సమ్మెకు మొదట దిగింది వాళ్లే. వాళ్ల కోసం 1974లో సంఘం, దేశదేశాల నుంచి వచ్చినవారి శ్రమదానంతో, తన కార్యాలయం ఆవరణలోనే ఇళ్లు కట్టింది. సమ్మెలో ప్రాణం వదిలిన పౌలో అగ్బయాని పేరు పెట్టింది. మన సంఘాలకు అంత బలం లేదు. ఉన్నా సర్కారు బాధ్యతను మనం నెత్తికెత్తుకోవడం ఎందుకు?

కనుక అడిగేటప్పుడు మూడూ కలిపి ఒకే అర్జీలో అడగాలి. గ్రామకంఠంలోనో బంజరులోనో జాగా, కట్టడానికి రాష్ట్రం డబ్బు, నెలనెలా నడపడానికి కేంద్రం గ్రాంటు. జాగా ఒక్కటే అడిగితే ముళ్లకంప మొలుస్తుంది. భవనం ఒక్కటే అడిగితే కంట్రాక్టరు బాగుపడి తలుపుకు తాళం పడుతుంది. మండలానికి 25 మందితో మొదలుపెట్టమందాం. మొగుడూ పెళ్లాలను విడదీయకూడదు. ఆశ్రమం ఖర్చు కింద పింఛను జమచేసుకుంటామంటే ఒప్పుకోవద్దు. మజ్జిగ చుక్కకైనా, మనవడి చేతిలో పెట్టడానికైనా వాళ్ల చేతిలో నాలుగు రూకలుండాలి.

గ్రామసభ పెట్టినప్పుడు నీడలేని వృద్ధుల పేర్లు చదివి వినిపించి, తీర్మానం పుస్తకంలో ఎక్కించండి, నకలు తీసుకోండి. నాలుగైదు ఊళ్ల తీర్మానాలు కలిపి, 19వ సెక్షను ఉదహరిస్తూ, సోమవారం అర్జీలు తీసుకునే వేళకు కలెక్టరు కచేరీకి పోదాం. నడవగలిగిన ముసలివాళ్లను ముందు నిలబెట్టండి. రసీదు చేతికిచ్చేదాకా అక్కడి నుంచి కదలొద్దు.