ఎందుకు అరవలేదు అని అడగకండి



పోయిన ఎండాకాలం సెలవుల్లో మా గూడెంలో ఒక అక్కకు అన్యాయం జరిగింది. అంగడి నుండి వస్తుంటే తోవలో ఒకడు చెరిచాడు. ఆమె పదో తరగతి. పెద్దమనుషులు కూర్చున్నరు. "మరి ఎందుకు అరవలేదు?" అని ఆమెనే అడిగిన్రు. వానికి దండుగ వేసి, పంచాయితీ అయిపోయింది అన్నరు. అక్క బడి మానేసింది. నేను అక్కడే ఉండి కూడా నోరు తెరవలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ ప్రశ్న పాతదే. 1972లో ప్రాణహిత అవతల, ఇప్పటి గడ్చిరోలి జిల్లా దేశాయిగంజ్ పోలీసు స్టేషన్లో పోలీసులు తనను చెరిచారని మధుర అనే ఆదివాసీ అమ్మాయి చెప్పింది. ఆమెకు 14 నుండి 16 ఏళ్ళు ఉంటాయని డాక్టరు చెప్పారు. అంటే మన ఈడుదే! హైకోర్టు శిక్ష వేసింది. కానీ సుప్రీంకోర్టు, ఒంటిమీద దెబ్బలు లేవు, అరిచిందన్నది అబద్ధం అని పోలీసులను వదిలేసింది.

పాము ఎదురైతే మనం అరుస్తామా? గొంతు రాదు, కాళ్ళు కదలవు. ఇదీ అంతే.

1979లో లా పాఠాలు చెప్పే నలుగురు టీచర్లు, ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టుకే ఉత్తరం రాశారు. చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు బయటికొచ్చి కొట్లాడారు. 1983లో చట్టం మారింది. స్టేషన్లో పోలీసులు ఇట్లా చేస్తే, నాకు ఇష్టం లేదని ఆమె చెప్పిన మాటను కోర్టు ముందుగా నమ్మాలి. ఒక్క ఉత్తరానికి కూడా బలం ఉంటుంది.

2012లో పోక్సో చట్టం వచ్చింది. 18 ఏళ్ళు నిండని పిల్లలకు ఇట్లా జరిగితే, తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. దండుగతో మాపుకోవడం కుదరదు. తెలుగు రాకపోతే మన భాష తెలిసినవాళ్ళను పిలిపించాలి. పిల్ల పేరు బయట పెట్టకూడదు.

నా అభిప్రాయం ఏమంటే, పంచాయితీ భూమి తగాదాలకు ఉండనీ, దీనికి వద్దు. పెద్దలు ఆమెను ప్రశ్నలు అడగకుండా, బట్టలు ఉతకనీయకుండా, అదే రోజు దవాఖానకు, స్టేషనుకు వెంట వెళ్ళాలి. ఒక్కదాన్ని పంపితే భయపడి తిరిగొస్తుంది.

వార్డెన్ మేడంకు ఒక మనవి. ఫోను దగ్గర 1098 అని పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ నంబరుకు చేయాలంటే ఎందుకని అడగకుండా ఫోను ఇవ్వండి. సెలవులయ్యాక ఏ పిల్ల తిరిగి రాలేదో చూసి, వాళ్ళింటికి వెళ్ళి అడగండి. పెళ్ళి కుదిరిందేమో అని ఊరుకోవద్దు.

మా అక్క పేరు ఇక్కడ రాయను. మేడం అడిగితే మేడంకు ఒక్కరికే చెప్తాను. ఈసారి ఇంటికి పోతే అక్క దగ్గర కూర్చుంటాను. ఎందుకు అరవలేదు అనను. "నీ వెంట నేను వస్తా" అంటాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని