పాత కావ్యం – కొత్త పాఠకుడు

ప్రాచీన సాహిత్యాన్ని ఈనాడు చదవవలసిన అవసరం ఉన్నదా? ఈ ప్రశ్న కొత్తది కాదు. సభలలోను, పత్రికలలోను దీనిని గురించి ఎన్నో చర్చలు జరిగాయి. కాని అదే ప్రశ్న ఒక ఇంటి గడప దాటి లోపలికి వచ్చి, ఒక బిడ్డ చదువుతో ముడిపడినప్పుడు సమాధానం చెప్పడం అంత తేలిక కాదు. మా మిత్రబృందానికి ఒకసారి అటువంటి సందర్భమే ఎదురైంది.

మేము నలుగురం వరంగల్లులో కలిసి చదువుకున్నవాళ్ళం. ఆనాడు మా ఊళ్ళన్నీ ఒకే జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత ఒకరు జనగామ, ఒకరు మహబూబాబాద్, ఒకరు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలకు చెందినవారయ్యారు. నేను వరంగల్లులోనే మిగిలాను. జనగామ మిత్రుడు ఉపాధ్యాయుడు. మహబూబాబాద్ మిత్రుడు ఎరువుల దుకాణం నడుపుతాడు. ఆ ఊరిని మేము నేటికీ మానుకోట అనే పిలుచుకుంటాం. భూపాలపల్లి మిత్రుడు డిగ్రీ పూర్తికాకముందే తండ్రి స్థానంలో సింగరేణి బొగ్గుగనిలో చేరాడు.

ఒక జూన్ నెల మొదటి వారంలో మేము పాలకుర్తిలో కలుసుకున్నాం. గుట్టమీది సోమేశ్వరస్వామిని దర్శించుకొని కిందికి దిగి, ఒక చెట్టునీడన కూర్చున్నాం. అప్పుడు మానుకోట మిత్రుడు తన మనసులోని సంగతి బయటపెట్టాడు. ఆయన కూతురు పదవ తరగతి మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైంది. ఇంటర్మీడియట్‌లో ద్వితీయభాషగా తెలుగు తీసుకుంటానని ఆ అమ్మాయి పట్టుబట్టింది. చేర్చబోయే కళాశాలవారు మాత్రం సంస్కృతం తీసుకుంటే మార్కులు ఎక్కువ వస్తాయని సలహా ఇచ్చారు. తండ్రి మనసు అటువైపే మొగ్గింది. సంస్కృతం మీద అభిమానంతో కాదు, మార్కుల మీద ఆశతో.

“పద్యాలు చదివితే ఏమొస్తుంది? ఎప్పుడో రాసిన వాటిని ఇప్పుడు బట్టీపట్టి, పరీక్ష రాసి మరచిపోవడమే కదా!” అన్నాడాయన.

భూపాలపల్లి మిత్రుడు ఆ మాటను బలపరచాడు. “రాజులు, దేవతలు, వనవర్ణనలు మన బతుకులోవి కావు. బొగ్గుగనిలో దిగేవాడి కష్టం ఏ కావ్యంలో ఉన్నది? మా గనుల దగ్గర పాడుకొనే పాటే మాకు సాహిత్యం. అది వినగానే అర్థమవుతుంది” అన్నాడు.

జనగామ మిత్రునికి కోపం వచ్చింది. “మనం కూర్చున్న నేల పాల్కురికి సోమనాథునిది. ఇక్కడికి దగ్గరలోనే పోతన పుట్టిన బమ్మెర ఉన్నది. ఈ గడ్డమీద పుట్టి ఇటువంటి మాటలా?” అన్నాడు.

ఆ ముగ్గురి మాటలలోను కొంత నిజం ఉన్నది. అయినా ఏ ఒక్కరితోను నేను పూర్తిగా ఏకీభవించలేకపోయాను. ముందుగా జనగామ మిత్రుని మాటనే తీసుకుందాం. కవి మన ఊరివాడని చెప్పుకోవడం సంతోషకరమే. కాని ఊరిపేరు చెప్పుకోవడం చదవడం కాదు. కూడలిలో విగ్రహం నిలిపి, ఏడాదికొకసారి పూలదండ వేసి, ఆ కవి రాసిన పుస్తకాన్ని తెరవకపోతే ఆ గౌరవం రాతికే చెందుతుంది. మనవాడు గనుక చదవాలి అనే వాదం పరాయి ఊరి పాఠకునికి పనికిరాదు. చదువదగిన గుణం ఆ రచనలోనే ఉండాలి.

సోమనాథునిలో ఆ గుణం ఏమిటి? ఆయన 13వ శతాబ్దికి చెందిన కవి. అప్పటికి తెలుగులో కావ్యమంటే సంస్కృతవృత్తాలతో, దీర్ఘసమాసాలతో సాగే చంపువు. ఆ మార్గం తెలిసి కూడా ఆయన బసవపురాణాన్ని, పండితారాధ్య చరిత్రను ద్విపదలో రచించాడు. ద్విపద జనం పాడుకొనే దేశిఛందస్సు. సామాన్యులకు తెలిసే జాను తెనుగులోనే చెప్పాలని ఆయన సంకల్పించాడు. ఆ తరువాత కొన్ని తరాలకు ఇటలీలో డాంటే మహాకవి పండితుల భాషయైన లాటిన్‌ను కాదని, తన జనం మాట్లాడే భాషలో మహాకావ్యం రచించాడు. ప్రపంచం ఆయన సాహసాన్ని నేటికీ కొనియాడుతున్నది. అటువంటి సాహసమే అంతకుముందు మన నేలమీద జరిగిందన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

బసవపురాణంలో రాజుల కథలకంటె భక్తుల కథలే ఎక్కువ. బట్టలుతికే మడివాలు మాచయ్య అందులో తలవంచని ఆత్మగౌరవంతో నిలుస్తాడు. శివునికి తల్లి లేదే అని జాలిపడి, తానే తల్లియై లాలించిన బెజ్జమహాదేవి ఉన్నది. తాను తెచ్చిన పాలు శివుడు తాగలేదని వెక్కివెక్కి ఏడ్చిన గొడగూచి అనే చిన్నపిల్ల ఉన్నది. పండితారాధ్య చరిత్రలో ఆనాటి జనం పాడుకొన్న తుమ్మెదపదాలు, వెన్నెలపదాలు, గొబ్బిపదాలు మొదలైన పాటల పేర్లు కనిపిస్తాయి. గనుల దగ్గర పాడుకొనే పాటే మా సాహిత్యం అన్న భూపాలపల్లి మిత్రుడు తనకు తెలియకుండానే సోమనాథుని పక్షాన నిలిచాడు. జనం పాటకు కావ్యంలో చోటు కల్పించినవారిలో సోమనాథుడు అగ్రగణ్యుడు.

మేము ఇలా మాట్లాడుకొంటుండగా ఎండ తగ్గి గాలి చల్లబడింది. భూపాలపల్లి మిత్రుడు ఆకాశం వైపు చూచి, “మొగులైంది. వాన పడేటట్టున్నది” అన్నాడు.

“మొగులు అనే మాట నీకు ఎక్కడిది?” అని అడిగాను.

“మా అవ్వ అనేది. అంతకుమించి నాకెరుక లేదు” అన్నాడు.

ఆ రెండు వాక్యాలలో రెండు పాత మాటలు ఉన్నాయి. మబ్బును మన కావ్యాలు ‘మొగిలు’ అన్నాయి. తెలియడాన్ని ‘ఎఱుక’ అన్నాయి. మనం ‘తొవ్వ’ అనేది కావ్యాలలోని ‘త్రోవ’యే. మనం వారంవారం వెళ్ళే ‘అంగడి’ కూడా పాత కావ్యాలలో ఉన్నదే. పట్నంలో ఈ మాటలు పలికి నవ్వులపాలైన అనుభవం మా నలుగురికీ ఉన్నది. వెండితెరమీద హాస్యపాత్రలకు ఈ యాసను అంటగట్టిన రోజులను కూడా చూచాం. అవి మోటు మాటలు కావని, శతాబ్దాల సాహిత్యప్రతిష్ఠ కలిగినవని చెప్పే సాక్ష్యం ఎక్కడ ఉన్నది? మనం వద్దనుకొంటున్న ఆ పాత పుస్తకాలలోనే ఉన్నది. వాటిని చదవనివాడు తన అవ్వ మాటకు విలువ కట్టలేడు.

ఆధునికుడైన కవికి ప్రాచీన సాహిత్యం అడ్డు అనే అభిప్రాయం ఒకటున్నది. దానికి సమాధానం మానుకోట ప్రాంతంలోనే దొరుకుతుంది. దాశరథి కృష్ణమాచార్య 1925లో చిన్నగూడూరులో జన్మించాడు. ఆ గ్రామం నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. నిజాం పాలనను ఎదిరించి ఆయన నిజామాబాదు జైలులో బంధింపబడ్డాడు. కాగితం, కలం దొరకని ఆ చెరలో గోడలమీద బొగ్గుతో పద్యాలు రాశాడు. అగ్నిధార, రుద్రవీణ వంటి కావ్యాలలోని ఆగ్రహాన్ని ఆయన పాత ఛందస్సులలో కూడా పలికించాడు. ఉర్దూ మహాకవి గాలిబు కవిత్వాన్ని ‘గాలిబు గీతాలు’ పేరుతో తెలుగులోకి తెచ్చాడు. ఆయన తమ్ముడు దాశరథి రంగాచార్య సాయుధపోరాటంలో పాల్గొన్నాడు. ‘చిల్లరదేవుళ్ళు’ నవలలో గడీల దౌర్జన్యాన్ని చిత్రించాడు. ఆయనే తరువాతి కాలంలో వేదాలను తెలుగులోకి అనువదించాడు. పాతను చదివినందువల్ల ఆ అన్నదమ్ములు పాతకాలంలో నిలిచిపోలేదు. తమ కాలంతో పోరాడడానికి కావలసిన భాషను అక్కడినుండి కూడా తెచ్చుకున్నారు.

బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి వినగానే భూపాలపల్లి మిత్రుని ముఖంలో ఒక చిరునవ్వు మెరిసింది. “మా బొగ్గుకు ఇంత చరిత్ర ఉన్నదా!” అన్నాడు.

అయితే ప్రాచీన సాహిత్యాన్ని తలకెత్తుకొని పూజించాలని నేను చెప్పను. అందులో ఈనాడు అంగీకరించలేనివి కూడా ఉన్నాయి. బసవపురాణంలో భక్తి ఎంత గాఢమో, అన్యమతాలపట్ల అసహనం అంత తీవ్రం. అనేక కావ్యాలలో స్త్రీని, శ్రమజీవిని చిన్నచూపు చూచిన సందర్భాలున్నాయి. వాటిని దాచిపెట్టి గొప్పలు మాత్రమే చెప్పడం విద్యార్థికి చేసే ద్రోహం. కావ్యంతో వాదించడం కూడా చదవడంలో ఒక భాగమే. ఏకీభవించలేని చోట ఎందుకు ఏకీభవించలేమో ఆలోచిస్తే మన విలువలు మనకే స్పష్టమవుతాయి.

భాష కఠినమన్న మాట కూడా కొట్టివేయదగినది కాదు. ఎనిమిది వందల ఏండ్ల కిందటి వాక్యం మొదటి చూపులోనే అర్థం కావాలనుకోవడం న్యాయం కాదు. కాని గణితసమస్య మొదటిసారి అర్థం కాలేదని పుస్తకం మూసివేయం గదా! ద్విపదను కళ్ళతో కాక నోటితో చదవాలి. బిగ్గరగా చదివితే సగం అర్థం నడకలోనే తెలుస్తుంది. ఒక కథతో, పది పద్యాలతో మొదలుపెట్టాలి. తెలియని మాటకు నిఘంటువు చూడాలి. నేడు ఆ నిఘంటువు చేతిలోని ఫోనులోనే దొరుకుతున్నది. ఊళ్ళలో చిందు యక్షగానం చూచినవారికి పురాణకథలు అక్షరం రాకపోయినా తెలుసు. ఆ కళను అయిదు దశాబ్దాలకు పైగా ప్రదర్శించిన జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారం ప్రకటింపబడింది. రాత్రంతా కూర్చుండి ఆ ప్రదర్శన చూచిన జనానికి పాత కథ పాతబడలేదు.

ఇక్కడ మరొక విషయం గుర్తుచేసుకోవాలి. భూపాలపల్లికి చేరువలో, నేడు ములుగు జిల్లాలో ఉన్న పాలంపేట రామప్పగుడి 1213లో నిర్మింపబడింది. 2021లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వ సంపదగా గుర్తించింది. ఆనాడు మనమందరం గర్వించాం. సోమనాథుని కావ్యాలు కూడా ఆ శతాబ్దివే. ఆ గుడిని చూడడానికి దూరదేశాలనుండి వస్తున్నారు. బసవపురాణానికి వెల్చేరు నారాయణరావు, జీన్ రోగెర్ కలిసి చేసిన ఆంగ్లానువాదాన్ని 1990లో అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. దూరదేశపు పాఠకుడు చదువుతున్న పుస్తకాన్ని పాలకుర్తి చెట్టునీడన కూర్చున్నవాడు తెరవకపోవడం విచారకరం. గుడిని కాపాడడానికి ప్రహరీ కట్టవచ్చు, కాపలా పెట్టవచ్చు. కావ్యానికి అటువంటి ఏర్పాటు చాలదు. అది చదివేవాని మనసులోనే బతుకుతుంది.

మానుకోట మిత్రుడు అంతవరకు మౌనంగా విన్నాడు. “ఇవన్నీ నిజమే. కాని నా బిడ్డకు మార్కులు తగ్గితే ఎవరు బాధ్యులు?” అని అడిగాడు. ఆ ప్రశ్నలోని ఆవేదనను నేను తేలికగా తీసుకోలేదు. ఒక్క మార్కు తేడాతో అవకాశం చేజారిపోతుందని భయపడే తల్లిదండ్రులు ప్రతి ఊరిలోను ఉన్నారు. మార్కులు వద్దని వారికి చెప్పే హక్కు నాకు లేదు. అందుచేత వాదం మాని పోతన చెప్పిన ఒక కథను గుర్తుచేశాను.

హిరణ్యకశిపుడు తన కుమారుడైన ప్రహ్లాదుని చండామర్కుల దగ్గర చదువుకు పెట్టాడు. కొంతకాలానికి పిలిచి ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఏమి నేర్చుకున్నావని ముద్దుగా అడిగాడు. తాను వినగోరిన సమాధానం ఒకటి ఆయన మనసులో ముందే ఉన్నది. కొడుకు తన మనసుకు నచ్చినదాన్ని నిర్భయంగా చెప్పాడు. తండ్రికి ఆగ్రహం వచ్చింది. గురువులు భయంతో వణికారు. ఈ కథను భక్తికథగా చదివేవారు చదవవచ్చు. బిడ్డను ప్రశ్న అడిగి, ఆ సమాధానాన్ని భరించలేని తండ్రి కథగా కూడా చదవవచ్చు. 15వ శతాబ్దిలో పోతన తెలుగుచేసిన ఈ ఘట్టం నేటికీ ఎన్ని ఇళ్ళలో జరుగుతున్నదో ఆలోచించండి.

మానుకోట మిత్రుడు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “తెలుగే ఎందుకు కావాలని నేను మా అమ్మాయిని అడగనే లేదు” అన్నాడు. భూపాలపల్లి మిత్రుడు ఆయన భుజంమీద చేయి వేసి, “అడుగు. అడిగి, చెప్పేది విను” అన్నాడు. పాత కావ్యాలు మనకెందుకు అన్నవాడే ఆ మాట అన్నాడు.

ఆ అమ్మాయి చివరకు తెలుగే తీసుకున్నది. ఆమెకు ఎన్ని మార్కులు వచ్చాయన్నది ఇక్కడ చెప్పవలసిన విషయం కాదు. ఈ పాఠాన్ని చదువుతున్న మీరు కూడా ఆమెవలె తెలుగును ఎన్నుకున్నవారే. కొందరు ఇష్టంతో, కొందరు పరిస్థితులవల్ల ఎన్నుకొని ఉండవచ్చు. ఎట్లా వచ్చినా సోమనాథుడు, పోతన మీ ముందుకు వచ్చారు. వారిని పరీక్షకోసం చదవండి, తప్పులేదు. పరీక్ష ముగిసిన తరువాత ఒక సాయంకాలం మీ ఇంటిలోని పెద్దవారి ముందు ఆ పద్యాన్ని బిగ్గరగా చదవండి. అందులోని ఏదో ఒక మాటను వారు వెంటనే గుర్తుపడతారు. అప్పుడు ఆ కావ్యాన్ని నేడు చదవవలసిన అవసరం ఉన్నదో లేదో మీరే నిర్ణయించుకోండి.