గనిపనివాని విద్య

ప్రేలుడు పదార్థముల చరిత్ర వ్రాయబూనిన వారెల్లరును 1847లో నైట్రోగ్లిసరిన్‌ను సృష్టించిన సొబ్రెరోను, 1867లో దానిని డైనమైటుగా మలచిన నోబెలును స్మరించి, ఆ పిమ్మట గనులలో కలిగిన మేలును ఒక తట్టలోను, యుద్ధములలో కలిగిన కీడును వేరొక తట్టలోను ఉంచి తూచుట పరిపాటి. ఈ తూనిక నాకు రుచింపదు. మందును ఎంత లోతున, ఏ మట్టిలో, ఎట్లు దట్టింపవలయునో ఎరిగిన చేయి రెండుచోట్లను ఒక్కటియే. ఆ చేతిని గూర్చి వ్రాసినవారు అరుదు.

కార్న్‌వాల్ గనులలో పూర్వము గడ్డిగొట్టములలో తుపాకిమందు నింపి వత్తిగా వాడెడివారు. అది ఒకమారు తటాలున అంటుకొని, వేరొకమారు ఆరినట్లే యుండి చూడబోయినవాని మొగముననే ప్రేలి, ఎందరినో పొట్టబెట్టుకొనెను. 1831లో బిక్‌ఫర్డ్ అను తోలువర్తకుడు నూలుపేటల నడుమ మందు పోసి పేని, నిదానముగ కాలెడు వత్తిని కల్పించిన పిదపగాని గనివానికి పరుగెత్తుటకు వ్యవధి చిక్కలేదు.

ఆ విద్య మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915లో, బెల్జియమునకు దండు వెడలినది. మాంచెస్టరులో మురుగుకాలువల సొరంగములు త్రవ్వెడు కూలీలను నార్టన్-గ్రిఫిత్స్ అను గుత్తేదారు బ్రిటిషు సైన్యమునకు సమకూర్చెను. వాలుగా నిలిపిన పలకపై వెల్లకిల జేరగిలి, రెండు పాదములతో పారను నీలిమట్టిలోనికి తన్ని పెళ్లగించుట వారి పద్ధతి. జతగాడు ఆ పెళ్లను సంచికెత్తును. గునపపు దెబ్బ లేదు గనుక, అవతల భూగర్భముననే చెవియొగ్గి కూర్చున్న జర్మనులకు చప్పుడు వినబడదు. పైకి తెచ్చిన మట్టిని సైతము దాచవలసివచ్చెను; విమానమునుండి ఆ నీలివన్నె కంటబడినచో సొరంగపు లోతు బయటపడును. ఇట్టివానికి దినమునకు 6 షిల్లింగులు. ప్రక్క కందకమున ప్రాణములొడ్డి నిలిచిన పదాతికి షిల్లింగున్నరయైనను లేదు. సిపాయిలు గొణగకపోలేదు, కాని సేనాధిపతులకు ఏ విద్యకు ఏ వెలయో చక్కగా తెలిసియుండెను.

వారు దట్టించినది ముఖ్యముగ అమ్మోనల్. అందలి అమ్మోనియం నైట్రేటు చెమ్మను పీల్చి పాడగును గావున, తడిమట్టిలో నెలలకొలది నిలువయుండుటకు దానిని నీరు చొరని రేకుడబ్బాలలో భద్రపరచిరి. 1917 జూన్ 7వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషములకు మెసీన్ గుట్టక్రింద 19 చోట్ల, దాదాపు 450 టన్నుల మందు కొద్ది సెకనుల తేడాతో ప్రేలగా, గుట్టపైనున్న జర్మనులలో ఎందరో సజీవముగ పూడిపోయిరి.

అక్కర తీరినదని ముట్టింపక విడిచిన మందుగూళ్లు మరికొన్ని కలవు. వానిలో ఒకటి 1955లో పిడుగుపాటునకు ప్రేలి ఒక ఆవును చంపెను. ముప్పది యెనిమిదేండ్లు బురదలో పడియుండియు చెడని ఆ కూర్పును చూచి, పని తెలిసినవాడు చేసిన పనియని మెచ్చుకొనక తప్పదు; అట్లు మెచ్చుకొనుటకు మాత్రము మనసొప్పదు.