‘సిటీకి వచ్చాక చూసుకో’ అనే తప్పుడు సలహా

గే పురుషుడు అరకుకో ఆదిలాబాద్‌కో వెళ్లినప్పుడు కండోమ్ చిరిగినా, ఆ తర్వాత మంటో పుండో కనిపించినా తోటివాళ్లు చెప్పే మాట ఒకటే: అక్కడ ఎవరికీ చూపించకు, సిటీకి వచ్చాక చూసుకో. చిన్న ఊళ్లలో సేవలు ఉండవని, ఉన్నా గుట్టు నిలవదని దీని వెనక ఒక నమ్మకం. అందులో మొదటి సగం అబద్ధం. రెండో సగం ప్రయాణికుడికి దాదాపు వర్తించదు. సలహా మాత్రం ప్రమాదకరం.

హెచ్‌ఐవీ సోకే అవకాశమున్న కలయిక తర్వాత వాడే నివారణ మందుల కోర్సును పెప్ అంటారు. దాన్ని 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. 72 గంటలంటే తీరిగ్గా ఆలోచించుకునే సమయం కాదు, అది చివరి గడువు. మొదటి మాత్ర ఎంత త్వరగా పడితే అంత మేలు. శుక్రవారం రాత్రి పొరపాటు జరిగి, సోమవారం ఇల్లు చేరి, మంగళవారం ఓపీ చీటీ తీసుకునేవాడికి ఆ అవకాశం అప్పటికే చేజారిపోయి ఉంటుంది.

ఇక సేవల సంగతి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు, కానీ ఆదిలాబాద్‌లోనే రిమ్స్ బోధనాసుపత్రి ఉంది. జిల్లా ఆసుపత్రుల్లో, చాలా ఏరియా ఆసుపత్రుల్లో ఐసీటీసీ పేరుతో హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం నడుస్తుంది. పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్ వేరే. అక్కడి మందులు రంగుల కిట్లలో వస్తాయి. మూత్రనాళం నుంచి చీము కారితే ఇచ్చే బూడిదరంగు కిట్‌నే మలద్వారం నుంచి చీము కారినా ఇవ్వాలని జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. అంటే ఇలాంటి రోగి వస్తాడని ప్రభుత్వం ముందే ఊహించింది. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నవారు ప్రయాణంలో మందులు అయిపోతే దగ్గర్లోని ఏఆర్‌టీ కేంద్రంలో తాత్కాలికంగా తీసుకునే ఏర్పాటూ ఉంది. ఏఆర్‌టీ కేంద్రం రోగికి ఇచ్చే పచ్చ పుస్తకం వెంట ఉంటే పని సులువు.

గుట్టు విషయానికొస్తే, చిన్న ఊరి ఆసుపత్రిలో తెలిసిన మొహం ఎదురవుతుందన్న భయం అక్కడ పుట్టి పెరిగినవాడిది. ఆ భయం నిజమైనదే, అందుకే స్థానిక యువకులు పక్క జిల్లాకు వెళ్లి పరీక్ష చేయించుకుంటారు. ప్రయాణికుడు ఆ ఊళ్లో ఎవరికీ తెలియనివాడు. బంధువు ఎదురయ్యే అవకాశం అతని సొంత ఊరి ఆసుపత్రిలోనే ఎక్కువ.

చట్టం కూడా పాత చట్టం కాదు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న పెద్దల మధ్య పరస్పర అంగీకారంతో జరిగే స్వలింగ సంబంధాలను నేరాల జాబితా నుంచి తొలగించింది. నాలుగు రోజులకే, సెప్టెంబర్ 10న, 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు, హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు.

ఈ సేవల్లో లోపాలు లేవని కాదు. ‘పెళ్లయిందా? భార్యకు చెప్పారా?’ అని కౌన్సెలర్ అడిగితే రోగి తలూపేస్తాడు. దాంతో గొంతులో, మలద్వారంలో దాగి ఉండే గనేరియా గురించి ఎవరూ ఆలోచించరు. ఆ చోట్ల అది తరచుగా ఏ లక్షణమూ చూపదు, మూత్ర పరీక్షకు దొరకదు. ‘మగవారితో కలిశాను’ అన్న ఒక్క వాక్యం వైద్యాన్ని సరైన దారిలో పెడుతుంది. అది చెప్పే ధైర్యం రోగికి కలగాలంటే ముందు అడిగే తీరు మారాలి. అంతకంటే పెద్ద నష్టం ఆర్‌ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో జరుగుతోంది. రెండు రోజుల యాంటీబయాటిక్‌తో మంట తగ్గుతుంది, జబ్బు మిగులుతుంది. సిటీకి వెళ్లేదాకా ఆగమనే సలహాయే చాలామందిని అక్కడికి తోలుతోంది.

అసలు పోరాడాల్సింది పెప్ గురించి. సిబ్బందికి సూది గుచ్చుకుంటే వాడేందుకు ఈ మాత్రలు క్యాజువాల్టీలో నిల్వ ఉండాలన్నది నిబంధన. మందు అదే, కోర్సు అదే. అయినా అర్ధరాత్రి వచ్చిన ప్రయాణికుడికి ‘ఇవి స్టాఫ్ కోసం’ అన్న జవాబు వస్తే ఆ బీరువాలో మందు ఉన్నా లేనట్టే. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ప్రతి జిల్లా, ఏరియా ఆసుపత్రి క్యాజువాల్టీకి ఒక లిఖిత ఆదేశం పంపాలి: ఎవరు వచ్చినా, ఎవరితో కలిశావని తీర్పు చెప్పకుండా, ప్రమాదం ఎంతో అంచనా వేసి, అవసరమైతే మొదటి మాత్ర ఆ రాత్రే ఇవ్వాలి. ఆ ఆదేశం వచ్చేదాకా ప్రయాణికుడు ఆగనక్కర్లేదు. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే డబ్బు పడదు, దగ్గర్లో ఏ కేంద్రం ఉందో చెబుతారు.