పాచికల లెక్కలో ఖడ్గ చరిత్ర

విద్యార్థులు చరిత్రను పాఠ్యగ్రంథాల నుండి మాత్రమే నేర్చుకుంటారని తలచడం సరికాదు. ఆటల నుండి కూడా నేర్చుకుంటారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర వహించి, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆటలు నేడు అనేక దేశాలలో ఆదరణ పొందుతున్నవి. ఆ ఆటల నియమ గ్రంథాలలో ఆయుధాల పట్టిక తప్పక ఉంటుంది. ఆ పట్టిక చదివిన యువకుడు తనకు తెలియకుండానే ఏ జాతివారు ఏ కత్తి పట్టినారో కూడా నేర్చుకుంటున్నాడు. కావున అందులో సత్యమెంతో విచారించడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఈ కోవ ఆటలకు ఆద్యమైనది 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. తొలి గ్రంథాలలో ఏ ఆయుధం తగిలినా హాని ఒక్కటే: ఆరు ముఖాల పాచికపై పడిన సంఖ్య. బాకు పోటుకూ, రెండు చేతుల ఖడ్గపు వేటుకూ భేదం లేదు. 1975లో వెలువడిన అనుబంధ గ్రంథం ఆయుధాన్ని బట్టి హానిని మార్చింది. 1978 నాటికి పొట్టి కత్తికి ఆరు ముఖాల పాచిక, పొడవు కత్తికి ఎనిమిది, రెండు చేతుల ఖడ్గానికి పది ముఖాల పాచిక స్థిరపడినవి.

నిజమైన కత్తికి పొడవున్నది, వంపున్నది, మొనయున్నది, పట్టినవాని చేతిలో తూకమున్నది. వీటినన్నింటినీ ఒక్క సంఖ్యలో ఇమిడ్చినందుకు ఆట కర్తలను మేము నిందించము. అన్నీ లెక్కకట్ట పూనుకుంటే ఒక్క ద్వంద్వయుద్ధానికే రాత్రి తెల్లవారుతుంది. పైగా నియమాలు తమను తాము దిద్దుకున్న సందర్భాలున్నవి. 1989 నాటి గ్రంథం రెండు చేతుల ఖడ్గం బరువు 15 పౌన్లని, అనగా సుమారు 7 కిలోలని చెప్పింది. మనకు దక్కిన నిజమైన యుద్ధ ఖడ్గాలు ప్రాయికంగా 2 నుండి 3.5 కిలోలు మాత్రమే. 2014 నాటి గ్రంథంలో ఆ బరువు 6 పౌన్లకు దిగింది. కవచం విషయంలోనూ ఇట్లే భిన్నమార్గాలు తెరచుకున్నవి. మొదటి ఆటలో కవచం దెబ్బ తగలకుండా చేస్తుంది. 1978లో వచ్చిన ‘రూన్‌క్వెస్ట్’లో తగిలిన దెబ్బ బలాన్ని తగ్గిస్తుంది. రెండవది అనుభవానికి మరింత దగ్గరని మా అభిప్రాయం.

అయితే బరువు తప్పితే దిద్దుకోవచ్చును. మనుష్యులను గూర్చిన భావన తప్పితే దిద్దడం కష్టం. పట్టికలోని ‘సిమిటార్’నే చూడండి. ఇది ఐరోపావారు తూర్పుదేశాల వంపు కత్తులకన్నింటికీ కలిపి వాడిన పేరు. ఇరాను షంషీరు, తుర్కుల కిలిజ్, హిందూస్థానపు తల్వారు, మూడింటికీ పట్టికలో ఒక్కటే గడి. ఆ గడి వెంట ముస్లిమనగానే వంపు కత్తి అనే చిత్రం కూడా పాఠకుని మనస్సులో దిగుతుంది. చరిత్ర అట్లు చెప్పదు. ఇస్లాం తొలి శతాబ్దాలలో అరబ్బులు పట్టినవి నిటారైన కత్తులు. వంపు మధ్య ఆసియా మైదానాల ఆశ్వికుల నుండి వచ్చినది. గుర్రంపై దూసుకుపోతూ కోయడానికి అది అనువైనది. మతానికీ ఆ వంపుకూ సంబంధం లేదు. మన దేశంలో రాజపుత్రులూ, మరాఠాలూ, మొగలులూ అందరూ తల్వారు ధరించినవారే. దక్కనులో ప్రసిద్ధమైన పట్టా నిటారైన కత్తి.

పట్టికలో గడియే లేని విషయం మరొకటి ఉన్నది: ఉక్కు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరగించి తీసిన ఉక్కు ముద్దల కోసం ఇరాను వర్తకులు వచ్చేవారు. ఆ జాతి ఉక్కుకు పాశ్చాత్యులు పెట్టిన ‘వూట్జ్’ అనే పేరుకు మూలం మన దక్షిణదేశపు ‘ఉక్కు’ శబ్దమేనని పండితుల అభిప్రాయం. షంషీరు కీర్తిలో తెలంగాణపు కమ్మరి చెమట కూడా ఉన్నది. ఎనిమిది ముఖాల పాచిక ఎన్నిసార్లు దొర్లించినా ఈ సంగతి బయటపడదు.

కావున ఆట మానమని మేము చెప్పము. ఆడండి; కాని పట్టికను ప్రమాణగ్రంథంగా భావించకండి. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల సంగ్రహమున్నది. చరిత్ర, ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి వెళ్ళి, అక్కడి కత్తుల పేర్లు రెండు భాషలలోనూ వ్రాసుకుని, ఆకారం, పొడవు, దేశం, కాలం గుర్తించి, మన సొంత పట్టిక ఒకటి తయారు చేయవచ్చును. పాచికలు ఆ తరువాత నిర్ణయించుకోవచ్చును. ఇందుకయ్యే స్వల్ప వ్యయాన్ని కళాశాల కమిటీవారు మంజూరు చేయగలరని ఆశిస్తున్నాము.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుగువారూ, ఉర్దూవారూ ఒకే సామెత చెప్పుకుంటారు. ఒక పుస్తకంలో రెండు భాషలు ఇముడుతవని మన సంచిక ఏటేటా నిరూపిస్తూనే ఉన్నది. ఆ పట్టికకు ఇందులోనే రెండు పుటలు కేటాయిస్తే అంతకన్న ఉచితమైన చోటు లేదు.